మొదటి రెండు బిందెలు: మూసీ ఒడ్డు గల్లీ నీళ్ల డైరీ

ఫిబ్రవరి 8, ఆదివారం

నల్లా నీళ్లు పరీక్షించే సీసాలు వచ్చాయి. మొత్తం ముప్పై. ఒక్కోదాంట్లో మందు పట్టించి ఆరబెట్టిన కాగితం ముక్క ఉంది. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచాలి. నీళ్లలో మలం కలిసి ఉంటే, పేగుల్లో బతికే సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. ఆ వాయువు మందులోని ఇనుముతో కలిసి సీసా నల్లబడుతుంది. మన దేశపు శాస్త్రవేత్తలే 1982లో ఈ పద్ధతి ప్రచురించారు. దీనికి కరెంటు అక్కర్లేదు, మైక్రోస్కోపు అక్కర్లేదు.

హైదరాబాద్‌లో చాదర్‌ఘాట్ వంతెన దిగి మూసీ వైపు పోయే గల్లీల్లో మాదొకటి. పైన రోడ్డు, కింద నది, మధ్యలో వాలుగా ఇరవై ఏడు ఇళ్లు. రోజు విడిచి రోజు తెల్లారుజామున నాలుగున్నరకు లైన్‌మన్ అన్న వాల్వు తిప్పుతాడు. గంటసేపు నీళ్లు. రోడ్డు పక్క ఇళ్లకు చీపురుపుల్లంత ధార. నది పక్క ఇళ్లకు దండిగా వస్తాయి, వాసనతో సహా. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడల్లా కిందోళ్లు పైవాళ్ల మోటర్లను తిడతారు. పైవాళ్లేమో "మీకు వాసన నీళ్లన్నా వస్తున్నయి, మాకు అవి గూడ లేవు" అంటారు.

నేను డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పదకొండేళ్లుగా ఊరందరి రక్తం, మూత్రం పరీక్ష చేస్తున్నా గానీ మా ఇంటి నల్లా నీళ్లు ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. పోయిన నెల మా చిన్నమ్మ మనవడికి మూడు సెలైన్లు ఎక్కాక సిగ్గేసింది. నాతో కలిపి ఐదుగురం తేలాం: నేను, ఇంటర్ చదివే పిల్లలిద్దరు, ప్లంబింగ్ పని తెలిసిన మా బావ, పద్నాలుగో నంబరింటి ఖాలా. ఖాలాను మేం పిలవలేదు, ఆమే వచ్చి కూర్చుంది.

ఫిబ్రవరి 11, బుధవారం

నిన్న మొదటి రౌండు, తొమ్మిది ఇళ్లు. అంతా పద్ధతి ప్రకారమే చేశా. నల్లా మూతి స్పిరిట్ దూదితో తుడిచాను. మూడు నిమిషాలు నీళ్లు వదిలేసి తర్వాతే సీసా పట్టాను. ఇవాళ పొద్దున చూస్తే తొమ్మిదికి తొమ్మిదీ శుభ్రం. ఒక్కటీ నల్లబడలేదు.

పై ఇంటాయన నవ్వాడు. "చూసినవా అక్కా, నీళ్లల్ల ఏం లేదు. బయట తినే మిర్చి బజ్జీల్ల ఉంది."

ఖాలా మాత్రం సీసాలు ఒక్కొక్కటే వెలుగులో పెట్టి చూసి అంది: "బేటా, నువ్వు సీసా పట్టే టయానికి నేను రెండు బిందెలు పారబోసిన. ముప్పై ఏండ్ల సంది గట్లనే పారబోస్తున్న. ఆ రెండు బిందెలల్ల చూడాలె నువ్వు."

రాత్రంతా అదే ఆలోచన. మేం చదువుకున్న పద్ధతి లైనులో ఎప్పుడూ నీళ్లుండే ఊళ్లకు సరిపోతుంది. పైపు తుప్పు, నల్లా మురికి లెక్కలోకి రాకుండా ముందు కాసేపు వదిలేయమంటుంది. మా గల్లీ పైపులో నలభై ఎనిమిది గంటల్లో నలభై ఏడు గంటలు నీళ్లుండవు. ఆ ఖాళీలో లోపలికి ఏది చేరితే అదే మొదటి బిందెలో దిగుతుంది. నేను మూడు నిమిషాలు వదిలేసి, వెతకాల్సిన దాన్నే మోరీలో పోశాను.

ఇంకో తప్పు కూడా ఉంది, అది చెప్పుకోడానికి ఇంకా సిగ్గు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. సీసాలోకి వచ్చాక కూడా అది క్రిములను చంపుతూనే ఉంటుంది. అందుకే ముందు ఒకటి రెండు చుక్కల సోడియం థయోసల్ఫేట్ వేసి దాన్ని విరిచేయాలి. ల్యాబులో చేసేదాన్నే, ఇంటి దగ్గర మర్చిపోయా. చేపల తొట్టి షాపులో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మేది చాలా మటుకు ఇదే. చేతిలో ఉన్న పొడి నుంచే ద్రావణం కలిపి పెట్టా.

ఫిబ్రవరి 15, ఆదివారం

నిన్న మొదటి బిందె నీళ్లే పట్టాం. అవే తొమ్మిది ఇళ్లు.

పైనున్న నాలుగూ శుభ్రం. కిందున్న ఐదూ నలుపు. ఖాలా ఇంటిదైతే సాయంత్రానికే సిరాబుడ్డిలా తయారైంది. ఆమె దాన్ని గల్లీ మొత్తం తిప్పి చూపించింది, పెళ్లిపత్రిక పంచినట్టు.

ఫిబ్రవరి 22, ఆదివారం

రంజాన్ మొదలై నాలుగో రోజా. తెల్లారకముందు తినే సహర్ కోసం సగం గల్లీ ఎలాగూ మేలుకునే ఉంటుంది కాబట్టి నాలుగున్నరకు మనుషుల కొరత రాలేదు.

ఇవాళ్టి పని క్లోరిన్ చూడటం. ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం రెండు మూడు చుక్కలు వేస్తే క్లోరిన్ ఎంతుంటే అంత పసుపు. ఆ రంగును అట్టమీది రంగులతో పోల్చుకోవాలి. ఆ మందు మంచిది కాదు, చేతికి గ్లౌజు ఉండాలి. పరీక్ష చేసిన నీళ్లు ఎవరూ తాగకుండా చూడాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మురుగు కలిస్తే క్లోరిన్ దాని మీదే ఖర్చైపోతుంది. కాబట్టి పసుపు ఎక్కడ మాయమైతే పైపు అక్కడ చెడినట్టు. నల్ల సీసాకు ఒక రోజు పడుతుంది, ఇది ఐదు నిమిషాల్లో చెప్పేస్తుంది.

ఐదుగురం ఐదు నల్లాల దగ్గర నిలబడ్డాం. నీళ్లు రాగానే ఒకటి, పదో నిమిషంలో ఒకటి, ముప్పయ్యో నిమిషంలో ఒకటి. అరగంటకు అన్ని చోట్లా మంచి పసుపే. మొదటి నిమిషంలో మాత్రం పదమూడో నంబరు దాకా పసుపు, పద్నాలుగు నుంచి కిందికి మంచినీళ్లలాగే తెల్లగా. "మంచినీళ్లలాగే" అని రాసి నాకే నవ్వొచ్చింది. తెల్లగా ఉంటేనే చెడ్డవని ఐదిళ్లలో చెప్పి ఒప్పించడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

పదమూడుకీ పద్నాలుగుకీ మధ్య ఏముంది? ఒక డ్రైనేజీ చాంబర్. దాని మూత మీదే రోజూ పిల్లలు గోలీలాడతారు.

మధ్యాహ్నం ఫిల్టర్లు అమ్మే కుర్రాడు వచ్చాడు. ఎక్కడో వాసన పట్టినట్టున్నాడు. రెండు గ్లాసుల్లో ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. మా నీళ్లు తుప్పురంగులోకి తిరిగాయి, అతని ఫిల్టర్ నీళ్లు తిరగలేదు. అందరూ నోళ్లు తెరిచారు. ఆ రంగు నీళ్ల మురికి కాదు, కడ్డీల తుప్పు. లవణాలున్న నీళ్లలో కరెంటు పారి ఇనుము కరుగుతుంది, లవణాలు లేని నీళ్లలో పారదు. గండిపేట చెరువు మంచినీళ్లయినా ఆ కడ్డీలకు ఎర్రబడాల్సిందే. అతని టీడీఎస్ మీటరూ అంతే, ఉప్పులు లెక్కపెడుతుంది గానీ క్రిములు దానికి కనబడవు. ఖాలా ఇంట్లో పొద్దున పట్టిన మొదటి బిందె నీళ్లు ఇచ్చి కొలవమన్నా. తాగేందుకు భేషైన అంకె చూపించింది. కుర్రాడు కడ్డీలు సర్దుకున్నాడు.

మార్చి 1, ఆదివారం

నీళ్లు రాని రోజు చూసి లైన్‌మన్ అన్నను బతిమాలుకుని చాంబర్ మూత తీయించాం. అంచు దాకా నిండి ఉంది. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల (గండిపేట అనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లెత్తినప్పుడు మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండు మునిగింది కదా, అప్పుడు మా గల్లీలోకీ నడుము లోతు వచ్చింది. నీళ్లు పోయాయి, ఒండ్రు లైన్లలో ఉండిపోయింది.

బకెట్లతో రెండడుగులు తోడితే కనబడింది. చాంబర్ గోడలో ఈ పక్క నుంచి ఆ పక్కకు, మురుగుకు అడ్డంగా మా గల్లీ మంచినీళ్ల పైపు. రెండించుల జీఐ (జింకు పూత ఇనుప) పైపు. మధ్యలో తుప్పు తినేసిన చోట ఎవరో ఎప్పుడో సైకిల్ ట్యూబు చుట్టి ఇనుప తీగతో బిగించారు. ట్యూబు మీద కంపెనీ పేరు ఇంకా చదవొచ్చు.

ఎవరూ మాట్లాడలేదు. లోపలికి దూరి ట్యూబు విప్పి చూస్తానని ఇంటర్ పిల్లవాడు చెప్పులు విడిచాడు. రెక్క పట్టుకుని వెనక్కి లాగా. ఐదడుగుల లోతే కదా అన్నాడు. మన సీసాలను నల్లబరిచే గ్యాసే మురుగులోనూ పుడుతుంది, కుళ్లిన గుడ్డు వాసనతో. ఎక్కువైతే ముందు ముక్కుకు వాసన తెలియడం ఆగిపోతుంది, ఆ తర్వాత మనిషి పడిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని మ్యాన్‌హోళ్లలోకి దింపి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఆ చట్టం వచ్చాక కూడా పేపర్లో ఎన్నిసార్లు చదివాం.

నీళ్లు వచ్చే గంట పైపు లోపల ఒత్తిడి ఉంటుంది, మురుగు లోపలికి రాదు. పోగానే పైవాళ్ల మోటర్లు ఇంకా తిరుగుతూ ఆఖరి చుక్క కోసం లైనును పీలుస్తాయి. పైపు మొత్తం స్ట్రాలా అవుతుంది. చాంబర్లో మునిగి ఉన్న బొక్క లోంచి మురుగు ఎక్కుతుంది. బావ ఇదంతా కూల్‌డ్రింక్ సీసాతో చేసి చూపించాడు. అంటే మోటర్లని తిట్టిన కిందోళ్లది నిజమే, కానీ తప్పు మోటర్లదొక్కటే కాదు, లైనూ చెడింది.

మార్చి 3

జలమండలి ఆఫీసులో కాగితం ఇచ్చాం. రసీదు తీసుకున్నాం. సంబంధిత సారు రేపు వస్తారట.

మార్చి 8, ఆదివారం

రేపు అన్నది ఇంకా రాలేదు. ఈలోగా చాంబర్లో మురుగు ఎటు పోతోందో చూద్దామనుకున్నాం. మొన్న హోలీకి మిగిలిన రంగు పోద్దామన్నారు పిల్లలు. ఆ రంగుల్లో ఏముంటుందో ఎవరికెరుక, మిఠాయిలో వేసే ఎర్ర రంగు సగం డబ్బా పోశాం. ఒకరు చాంబర్ దగ్గర, ఇద్దరం మూసీ ఒడ్డున నాలా మూతి దగ్గర ఫోన్లు పట్టుకుని నిలబడ్డాం. పదకొండు నిమిషాలకు ఆ నల్లటి నీళ్లలో గోరింటాకు చేతులు కడిగినట్టు ఎర్రగా దిగింది.

మా మురుగు పోవాల్సిన దారి అది కాదు. ఒడ్డు వెంబడి పెద్ద లైను ద్వారా అంబర్‌పేట ప్లాంటుకు పోవాలి. రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగు శుద్ధి చేసేలా కట్టిన ప్లాంటు అది, మాకు కూతవేటు కాకపోయినా ఆటో దూరమే. ఒండ్రు అడ్డుపడి మాది అటు పోకుండా వాననీటి నాలాలోకి దారి చేసుకుంది. మా నల్లాను చెడగొట్టేదీ, నదిని చెడగొట్టేదీ ఒకే చాంబర్. ఇన్నాళ్లూ మూసీ కంపు అంటే ఎక్కడో ఫ్యాక్టరీల పని అనుకున్నా. ఫ్యాక్టరీలవీ ఉన్నాయి, కానీ ఈ ఎరుపు మాత్రం మాదే.

ఎలాగూ వచ్చానని నది నీళ్లు ఒక సీసా ముంచి కరిగిన ఆక్సిజన్ చూశా. మాంగనీస్ ద్రావణం, క్షారం వేశాక ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకుంటే తెల్లగా దిగుతుంది. పాలు విరిగినట్టు తెల్లగా దిగింది. స్నానానికి పనికొచ్చే నదిలో లీటరుకు 5 మిల్లీగ్రాములైనా ఉండాలంటుంది ప్రమాణం.

ఇదే నది అనంతగిరి కొండల్లో పుట్టినప్పుడు బుగ్గ నీరు. 1908 సెప్టెంబరు 28న ఊరిని ముంచాక విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అక్కడిదాకా తాగే నీళ్లు. మూసీ, ఈసీ కలిసే బాపూఘాట్ దాటితే మురుగు. అంబర్‌పేట, నాగోల్ దాటాక ఇవే నీళ్లతో పశుగ్రాసం, వరి పండిస్తారు. వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మా నల్లాకేమో కృష్ణ నీళ్లను నూరు కిలోమీటర్ల పైచిలుకు పైపుల్లో ఎత్తిపోసి తెస్తున్నారు. ఇంటి వెనక నదిని పెట్టుకుని.

లా చదివే మేనల్లుడు ఒక తీర్పు ప్రింటు తెచ్చాడు. జంట జలాశయాల దగ్గర నూనె ఫ్యాక్టరీ పెట్టే విషయంలో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకీ మధ్య సుప్రీంకోర్టులో నడిచిన 1999 నాటి కేసు. హాని లేదని రుజువు చేసుకునే భారం పరిశ్రమ పెట్టేవాడిదే అంది కోర్టు. "మరి మనమెందుకత్తా సీసాలు పట్టుకుని తిరగడం?" అన్నాడు. అది ఫ్యాక్టరీ సంగతిరా, సైకిల్ ట్యూబు సంగతి కాదు అన్నా. అయినా ఫైల్లో మొదటి కాగితంగా పెట్టుకున్నా, బరువుగా కనబడుతుందని.

మార్చి 19, గురువారం, ఉగాది

పచ్చడి గ్లాసులతోనే కూర్చున్నాం. సాయంత్రం ఇఫ్తార్‌కు ముందు ముగించాలని ఖాలా షరతు. ముగియలేదు.

మోటర్లు తీసేయమంటే ఎవరు తీస్తారు? పై ఇంటాయన లేచాడు. "మోటరు పెట్టకుంటే మా ఇంట్ల బిందె నిండదు. మీరు కిందున్నరు, నీళ్లు తోవ తెలిసినట్టు మీ ఇంటికే ఉరుకుతయి." ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వాలు గల్లీలో కింద ఇరవై నల్లాలు తెరిచి ఉంటే పైకి ఒత్తిడి మిగలదు. కిందోళ్లేమో సంపులు నిండి పొర్లుతున్నా కట్టరు.

బావ లెక్క చెప్పాడు. మొదటి అరగంట కిందోళ్లవి. అయిదు కొట్టగానే కింద అందరూ నల్లా కట్టేయాలి. అప్పుడు నీళ్లు వాటంతటవే పైకెక్కుతాయి, మోటరు అక్కర్లేదు. కట్టేస్తారని నమ్మకమేంటని పైవాళ్లు. మోటరు వేయరని నమ్మకమేంటని కిందోళ్లు. గంటన్నర.

ఈ గొడవలో మూలన నిలబడ్డ ఒక చెల్లె నెమ్మదిగా అడిగింది: "మరి మాదక్కా?" ఇరవై ఐదో నంబరు వెనక ఆరు కిరాయి గదులున్నాయి. వాళ్లకు నల్లానే లేదు. నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది, నల్లా కనెక్షన్ ఉన్నవాళ్లకు. వీళ్లు తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ కొంటారు, వాడకానికి ఓనరు మిగిల్చింది పట్టుకుంటారు. గల్లీలో నీళ్లకు అందరికంటే ఎక్కువ పైసలు పెట్టేది ఆ ఆరు గదులవాళ్లే. నా మ్యాపులో ఇరవై ఏడు నంబర్లున్నాయి గానీ ఈ ఆరు లేవు. నల్లాలకు నంబర్లేశా, మనుషులకు వేయలేదు.

వాళ్ల ఓనరు పండగపూట పదిమంది ముందు కాదనలేక గోడ బయటికి ఒక నల్లా పెట్టడానికి ఒప్పుకున్నాడు. నల్లా కట్టే కాపలా ఆ చెల్లెదే. అయిదింటికి విజిల్ వేయడం ఖాలాది.

ఏప్రిల్ 4, శనివారం

నాలుగు చక్కర్లు, రెండు రసీదులు, ఒక నల్ల సీసా బల్లమీద పెట్టి రావడం. మొత్తానికి మురుగు లైన్లు కడిగే ఎయిర్‌టెక్ బండి వచ్చింది. గొట్టం దింపి ఒత్తిడి నీళ్లు కొడితే ఒండ్రు, గుడ్డపేలికలు, ఒక టిఫిన్ డబ్బా మూత, కొబ్బరి పీచు బయటికొచ్చాయి. చాంబర్లో మట్టం దిగింది. మనిషెవరూ దిగలేదు.

పైపు మేం కొని పెట్టాం, ఇంటికి మూడు వందలు. కిరాయి గదులవాళ్లను అడగలేదు, వాళ్లే రెండు వందలు పోగుచేసి ఇచ్చారు. లైన్‌మన్ అన్న పాత జీఐ ముక్క కోసేసి, కొత్త హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపును చాంబర్ బయటి నుంచి తిప్పి, మురుగు లైను కంటే ఎత్తులో వేశాడు. సాయంత్రం దాకా గల్లీ తవ్వే ఉంది. ఎవరి బండీ కదల్లేదు, ఎవరూ తిట్టలేదు. ఇది రాసి పెట్టుకోవాల్సిన సంగతి.

సైకిల్ ట్యూబు ఖాలా అడిగి తీసుకుంది. ఎందుకో చెప్పలేదు.

ఏప్రిల్ 5

మొదటి అరగంట నీళ్లు అందరం వదిలేశాం, పైపు కడగడానికి. అయిదింటికి ఖాలా విజిల్ వేసింది. కింద నలుగురు కట్టలేదు. రెండోసారి విజిల్‌తో పాటు పేర్లు కూడా పెట్టి పిలిచింది. కట్టారు. పై ఇంటాయన నల్లా కింద బిందె, మోటరు లేకుండా, పన్నెండు నిమిషాల్లో నిండింది. ఆయన ఏమీ అనలేదు. రెండో బిందె పెట్టాడు.

మే 4, సోమవారం

నిన్న అదే తొమ్మిది ఇళ్లలో మొదటి బిందె నీళ్లు పట్టాం, ఆరు గదుల కొత్త నల్లాతో కలిపి పది. క్లోరిన్ అన్నిచోట్లా పసుపే, ఒక్కచోట తప్ప. ఇవాళ సీసాలు చూస్తే ఆ ఒక్కటే నల్లగా ఉంది. ఇరవై రెండో నంబరు.

అది మా ఇల్లు.

బావ వచ్చి మీటరు నుంచి పైపు వెంట చేత్తో తడుముకుంటూ పోయాడు. వాకిట్లో బాగానే ఉంది. మెట్ల కిందికి పోయాక మా ఇంటి మోరీలోకి దిగి, అవతల లేచింది. మా నాన్న ఇల్లు కట్టినప్పుడు వేయించింది. మూడు నెలలుగా గల్లీ మ్యాన్‌హోళ్ల మీద టార్చిలైటు కొడుతున్నా, రోజూ ఎక్కి దిగే మెట్ల కింద కొట్టలేదు.

ఖాలా ఇంకా రెండు బిందెలు పారబోస్తూనే ఉంది. ఆమె సీసా శుభ్రంగా ఉందని చూపించినా నమ్మదు. ఒక బిందె చాలని బేరమాడుతున్నా.

బుధవారం నీళ్లు రావు. మెట్ల కింద గచ్చు పగలగొట్టాలి. బావ సుత్తె తెస్తానన్నాడు, పైపు నన్ను కొనమన్నాడు.